అల్లుడి గుర్రాలు, చాచా లద్దె, నా చీనీ తోట

మొన్న ఆదివారం పొద్దున నా చీనీ (బత్తాయి) తోటలో గుర్రపు లద్దె కుప్ప తిరగేస్తుంటే బెంగళూరు నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. చేతికి అంతా లద్దే, మోచేత్తో స్పీకర్ నొక్కాను. "మామా, చీనీ చెట్లు తీసేద్దాం. గుర్రాలు పెడదాం" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా.

వాడికి రెండేళ్ళకోసారి ఇట్లాంటి ఆలోచన ఒకటి వస్తుంది. ఒకసారి ఎర్రచందనం, ఒకసారి డ్రాగన్ ఫ్రూట్. అంతకు ముందు, వాడు ఇంకా కాలేజీలో ఉన్నప్పుడు, ఈము పక్షులు. ఆ ఈము పక్షుల్ని నమ్మి ఎంతమంది రైతులు చేతులు కాల్చుకున్నారో, చివరికి మేత పెట్టలేక ఎక్కడెక్కడ వదిలేశారో నాకు బాగా గుర్తుంది, వాడికి లేదు. ఈసారి గుర్రాలు. అనంతపురం పక్కన గార్లదిన్నె వైపు మాకున్న నాలుగెకరాల్లో ఆరు గుర్రాలు, ఒక పాక, చుట్టూ కంచె, వారానికి రెండు రోజులు బెంగళూరు నుంచి కార్లేసుకొచ్చే జనాలు. "పర్యావరణానికి మంచిది, ఆదాయానికీ మంచిది మామా, లెక్కలు పంపుతా చూడు" అని పెట్టేశాడు.

లెక్కలు వచ్చాయి. అమెరికా లెక్కలు. వాళ్ళ గుర్రాల సంఘం 2023లో తేల్చిన దాని ప్రకారం అక్కడ 66 లక్షల 50 వేల గుర్రాలున్నాయి, వాటి చుట్టూ నడిచే వ్యాపారం అంతా కలిపి 17,700 కోట్ల డాలర్లు, ఉద్యోగాలు 22 లక్షలు. అబద్ధమని నేననను. కానీ ఆ డబ్బు ఎవరు పెడుతున్నారో చూడాలి కదా. సెలవు రోజున సరదాకి గుర్రమెక్కేవాడు, పోటీలకి తీసుకెళ్ళేవాడు, పందెం కాసేవాడు. గుర్రాన్ని పోషించే డబ్బు వాళ్ళకి ఇంకో పనిలోంచి వస్తుంది, దాన్ని తెచ్చి ఇక్కడ ఖర్చు పెడతారు. మనకి గుర్రమే మనిషిని పోషించాలి. ఈ రెండూ ఒకే లెక్కలో ఎట్లా ఇముడుతాయి?

మన దేశం సంగతి చూస్తే, 2012 పశుగణనలో గుర్రాలు, తట్టులు (పొట్టి గుర్రాలు) కలిపి 6 లక్షల 25 వేలు ఉండేవి, 2019 గణన నాటికి 3 లక్షల 40 వేలకు పడిపోయాయి. ఏడేళ్ళలో దాదాపు సగం. గాడిదల గతి ఇంకా ఘోరం, 61 శాతం తగ్గాయి. అంత లాభసాటి వ్యాపారమైతే ఇన్ని గుర్రాలు ఎందుకు మాయమైనట్టు?

అయినా వాణ్ణి ఊరికే కొట్టిపారేయకూడదని, అనంతపురం ఊరి చివర పెళ్ళిళ్ళకు గుర్రాలు తిప్పే చాచా దగ్గర కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. అయిదేళ్ళుగా నాకు లద్దె ఇచ్చేది ఆయనే. అరవై దాటాయి, వాళ్ళ నాయన జట్కా తోలాడు, తాత జట్కా తోలాడు. ఆయన దగ్గర మొన్నటిదాకా నాలుగు గుర్రాలుండేవి, రెండు తెల్లవి, వాటిని నుక్రా అంటారు, బరాత్‌కి అవే కావాలంటారు అందరూ. రోజుకు ఒక గుర్రానికి ఉడకబెట్టిన ఉలవలు, తవుడు, పచ్చి కసువు, ఎండు మేత అన్నీ కలిపి ఎంత తగ్గించినా 350 రూపాయలు అవుతుందన్నాడు. ఆరు గుర్రాలకు ఏడాదికి 7 లక్షల 66 వేలు. చూసుకోవడానికి ఇద్దరు మనుషులు, నెలకు తలా 15 వేలు, అదొక 3 లక్షల 60 వేలు. లాడాలు, మందులు, జీనులు పక్కన పెట్టినా 11 లక్షలు దాటిపోయింది. అరగంట సవారీకి 500 వసూలు చేస్తే ఏడాదికి 2,250 సవారీలు కావాలి. శని ఆదివారాలు 104. రోజుకు ఇరవై రెండు మంది ఎక్కితే పెట్టుబడి గిట్టుబాటు, ఇరవై మూడో మనిషి నుంచి లాభం. బెంగళూరు నుంచి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, నంది హిల్స్ దాటుకుని, లేపాక్షి దాటుకుని, పెనుకొండ దాటుకుని గార్లదిన్నె చీనీ తోటల్లో గుర్రమెక్కడానికి ప్రతి శనివారం, ప్రతి ఆదివారం ఇరవై మూడు మంది వస్తారా? చాచా నవ్వాడు. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు నాయనా, సెలవు దినం కాదని అది తినకుండా ఉంటుందా" అన్నాడు.

ఎండ సంగతి వాడి లెక్కలో అసలు లేనే లేదు. బండి లాగే పశువులు, బరువు మోసే పశువుల కోసం 1965లో కేంద్రం చేసిన నిబంధనలున్నాయి. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి లేకుండా ఏకబిగిన అయిదు గంటలు మించకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా అసలు పనికి కట్టకూడదు. మన దగ్గర మార్చి రెండో వారంలోనే 37 దాటేస్తుంది. మే నెలలో కర్నూలు, నంద్యాల వైపు 43, 44. అంటే బెంగళూరు జనానికి పిల్లల సెలవులు ఉండే రెండు నెలలూ మన గుర్రం మధ్యాహ్నం పన్నెండుకే పాకలోకి పోవాలి. అదీ చట్టం సంగతి. చట్టం లేకపోయినా ఆ ఎండలో గుర్రాన్ని తిప్పేవాడికి కళ్ళు లేవనే అనుకోవాలి.

ఇంతా చెప్పాక, గుర్రం వల్ల లాభం లేదంటున్నాననుకోకండి. ఉంది, చాలా ఉంది, నేను రోజూ పారతో ఎత్తుతున్నదే అది. అయితే ఆ లాభం గుర్రం పరుగులో వెతికితే దొరకదు. దొరికే చోట్లేమో గుర్రాన్ని సాకే మనిషికి దక్కడం లేదు. నా గొడవంతా దీని మీదే.

లద్దె దగ్గర మొదలుపెడతాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి.

ఆరేళ్ళ కింద ఒక కంపెనీ వాళ్ళు వచ్చి సేంద్రియ ఎరువని అందమైన బస్తాలు అమ్మారు. పేరెందుకు, ఇప్పుడు ఆ ఆఫీసు కూడా లేదు. బస్తా విప్పి నీళ్ళలో వేస్తే అడుగున ఇసుక తేలింది, పైన బొగ్గు పొడి. దిబ్బ ఎరువు కొందామంటే ట్రాక్టరు నాలుగు వేలు దాటింది, అదీ పశువులున్న ఇల్లు దొరికితే. ఆ రోజుల్లోనే ఒక పెళ్ళిలో చాచా కనబడ్డాడు. మాటల్లో తెలిసింది, నాలుగు గుర్రాల లద్దె ఎత్తి వంకలో పారబోయడానికి ఆయనే ఎదురు ఆటోకి డబ్బులిస్తున్నాడని. పారబోయకపోతే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వాసన అని గొడవ. నాకియ్యి చాచా అన్నాను. అట్లా మొదలైంది.

మొదటి లోడు తెచ్చి తెలివితక్కువగా పచ్చిదే చిన్న మొక్కల మొదట్లో వేశాను. గుర్రపు లద్దె వేడి చేస్తుంది. ఆవు పేడ అనుకుని వేస్తే వారంలో ఆకుల అంచులు మాడాయి, పదకొండు మొక్కలు పోయాయి. ఇంకో నెలకి తోటంతా కలుపు. ఎందుకంటే గుర్రం నెమరు వేయదు, ఆవులా నాలుగు గదుల కడుపు కాదు దానిది, మేత సగం అరిగీ అరగకుండానే కిందికి పోతుంది, గడ్డి గింజలు బతికే బయటికొస్తాయి. నా తోటలో అంతకు ముందెన్నడూ చూడని కలుపు మొలిచింది ఆ ఏడాది. మా ఆవిడ "ఫ్రీగా వచ్చిందని విషమైనా తెస్తావు" అంది, సమాధానం చెప్పలేకపోయాను.

తర్వాత నేర్చుకున్నాను. చెట్టు నీడన కుప్ప పోసి, తడిపి, పాత గోనెలు కప్పి, పది పన్నెండు రోజులకోసారి తిరగేయాలి. మూడో రోజుకే కుప్ప నడుమ చేయి పెట్టలేనంత వేడి పుడుతుంది, ఆ వేడికి గింజలు, పురుగు గుడ్లు చచ్చిపోతాయి. మూడు నెలలకు కుప్ప సగానికి దిగి, నల్లగా, చేతిలో పొడిపొడిగా రాలుతుంది. వాసన ఉండదు, అడవి మట్టి వాసన తప్ప.

ఇప్పుడు దాని విలువెంతో చూద్దాం. ఒక గుర్రం రోజుకు పదిహేను కిలోలకు తక్కువ కాకుండా వేస్తుంది, ఏడాదికి అయిదున్నర టన్నులు. నూటికి అర కిలో పైచిలుకు నత్రజని అనుకున్నా ముప్పై మూడు కిలోలు, అంటే యూరియా బస్తా ఒకటిన్నరకు కొంచెం ఎక్కువ. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. ఏడాది పొడుగునా గుర్రం ఇచ్చిన నత్రజని విలువ 450 రూపాయలు కూడా చేయలేదు! ఈ లెక్క వేసిన రోజు నాకే నవ్వొచ్చింది. సబ్సిడీ కింద సర్కారు మోసే బరువు తీసేస్తే ఆ బస్తా ధర ఎన్నో రెట్లు ఉంటుందన్నది వేరే కథ.

కానీ నేను లద్దె తెచ్చేది నత్రజని కోసం కాదు. మాది ఎర్రనేల. వాన సగటు 550 మిల్లీమీటర్లు, అదీ కురిస్తే. నీళ్ళు పోసిన గంటకే తాగేసి, మర్నాటికి ఎండి పగులుతుంది. లద్దె ఎరువు వేసిన మూడో ఏడు నుంచి డ్రిప్పు ఒకరోజు ఆలస్యమైనా చెట్టు వాడిపోవడం లేదు. మట్టి తవ్వితే వానపాము కనబడుతోంది, మా నాయన కాలం తర్వాత మళ్ళీ ఇప్పుడే చూశాను. బోరు నీళ్ళ మీద బతికే మా జిల్లాలో నేల ఒక్క రోజు ఎక్కువ తడి పట్టి ఉంచితే అది డబ్బుతో కొలిచేది కాదు, కొలిస్తే మాత్రం యూరియా లెక్కలో రాదు. పర్యావరణ లాభం అని మా అల్లుడన్న మాట నాకు అర్థమైంది ఇక్కడే.

ఉలవలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఇంగ్లీషువాళ్ళు ఉలవకు పేరే గుర్రపు గింజ అని పెట్టుకున్నారు. వేరుశెనగకు అదను తప్పి, వాన ఆగస్టు దాటాక వస్తే మా ఊళ్ళో వేసేది ఉలవే. రెండు వానలకు పంట చేతికొస్తుంది, ఎరువు అడగదు, పైగా గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లోకి దించి నేలకే ఇచ్చి పోతుంది. చాచా నెలకు క్వింటాలు పైనే కొంటాడు. అటు నా నేలకి ఉలవ మంచిది, ఇటు ఆయన గుర్రానికి మంచిది, మళ్ళీ లద్దె నా నేలకే. ఉలవచారు మీద చూపించే ప్రేమ ఉలవ పండించే రైతు మీద కూడా కాస్త చూపిస్తే బాగుండు, అది పక్కన పెట్టండి.

ఇంకో వాదన కూడా వాడు పంపాడు, గుర్రం మీథేన్ తక్కువ వదులుతుందని. నిజమే. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి సంఘం దేశాలకిచ్చిన మామూలు లెక్కల్లో గుర్రానికి ఏడాదికి 18 కిలోలు, గేదెకు 55, గాడిదకు 10, గొర్రెకు 5. నెమరు వేసే పశువు కడుపులో పుట్టినంత గ్యాస్ గుర్రం కడుపులో పుట్టదు. అయితే గేదె పాలు ఇస్తుంది, గుర్రం ఇవ్వదు. ఆ తేడా చెప్పకుండా సగం లెక్క చెబితే ఎట్లా?

జట్కాలు మళ్ళీ రావాలి, పెట్రోలు అక్కర్లేదు, పొగ లేదు అని రాసేవాళ్ళని చూస్తుంటాను. నాకూ జట్కా అంటే ప్రాణమే. డెబ్బైలలో గుంతకల్లు స్టేషన్లో దిగితే బయట వరసగా నిలబడి ఉండేవి. అమ్మ ముందు ఎక్కేది, నేను వెనక కూర్చుని కాళ్ళు వేలాడేసేవాణ్ణి. కింద పచ్చిగడ్డి పరిచి పైన గోనెపట్టా, ఆ గడ్డి వాసన, కింద ఇనుప పట్టా చక్రం చప్పుడు. "వెనక బరువైంది, ముందుకు జరగండమ్మా" అని జట్కాసాయిబు అరవడం, అందరూ ఒకరి మీద ఒకరు జరగడం. చర్నాకోల చక్రం ఆకులకి తగిలించి టకటకమనిపించేవాడు, గుర్రానికి దెబ్బ పడేది తక్కువ. ఇదంతా బాగుంది. కానీ ఆ గుర్రం డొక్కలు ఎట్లుండేవో కూడా గుర్తుంది నాకు. మెడ మీద పుండు, పుండు మీద ఈగలు, కళ్ళకు గంతలు. ఆటో ఖాళీగా ఉన్నప్పుడు పెట్రోలు తాగదు, జట్కా గుర్రం బేరం లేని రోజు కూడా తినాలి, తినకపోతే ఆ డొక్కలు. తారురోడ్డు మీద, లారీల హారన్ల మధ్య మళ్ళీ ఆ బతుకు దానికెందుకు? బొంబాయిలో విక్టోరియా బండ్లని 2015లో హైకోర్టు చట్టవిరుద్ధమంది, ఆ తర్వాత వాటి చోట కరెంటుతో నడిచే బండ్లొచ్చాయి. నాకు తప్పనిపించలేదు.

గుర్రం మీద డబ్బు పోసి చేతులు కాల్చుకున్న సంగతి మన గడ్డకు కొత్తేం కాదు లెండి. విజయనగర రాజులకి గుర్రాలు సముద్రం మీద హోర్ముజ్ నుంచి వచ్చేవి. ఇక్కడికొచ్చి రాజ్యం చూసిపోయిన ఒక పోర్చుగీసు గుర్రాల బేరగాడు రాసిపెట్టాడు, ఇక్కడి రాజు ఏడాదికి 13 వేల గుర్రాలు కొనేవాడని. అంతకు ముందు సాళువ నరసింహుడైతే చచ్చినా బతికినా కొనేవాడట, ఓడలో చచ్చిపోయిన గుర్రానికి తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రం ధరే ఇచ్చేవాడట. తోకకి డబ్బులు! ఆ రాజుల రెండో రాజధాని పెనుకొండ. అక్కడికి కూతవేటు దూరంలో ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కార్ల ఫ్యాక్టరీ నడుస్తోంది, ఒక్కో కారుకి వంద గుర్రాల శక్తి అని రాస్తారు. ఒక గుర్రం శక్తి అంటే 746 వాట్లు, ఆ కొలత పెట్టిన జేమ్స్ వాట్‌కి ఆవిరి యంత్రాలు అమ్ముకోవడానికి గుర్రాలతో పోలిక కావాల్సి వచ్చింది. పేరు గుర్రానిది, గిరాకీ ఇంజనుది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న గుర్రం దగ్గరికి వస్తాను. దాని మొహం నేనెప్పుడూ చూడలేదు.

2011 శెనక్కాయల కాలంలో మా చిన్నాయన చేలో చెట్లు పీకుతున్నాడు. వంగి చెట్టు పట్టుకున్న చేతి వేలి మీద రక్తపింజర కాటేసింది. ముందు ఊళ్ళో పసరు మందు వేయించారు, రెండు గంటలు పోయాయి అక్కడే, ఇప్పటికీ ఆ రెండు గంటలు తలచుకుంటే నాకు కోపం. చేయి మోచేతి దాకా వాచింది, చిగుళ్ళలోంచి రక్తం. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి పక్కన పెట్టి వాచీ చూసుకుంటూ నిలబడింది. ఇరవై నిమిషాలైనా గడ్డ కట్టలేదు. విషం రక్తానికి గడ్డ కట్టే గుణమే లేకుండా చేసేసిందని అర్థం. వెంటనే పది సీసాల మందు సెలైన్‌లో ఎక్కించారు, రాత్రికి మళ్ళీ ఎక్కించారు. సర్కారు ఆసుపత్రి కాబట్టి పైసా తీసుకోలేదు. చిన్నాయన బతికాడు, ఒక వేలు వంకరపోయింది అంతే, ఇప్పటికీ చేలోకి పోతాడు, ఇప్పుడు చేతికర్రతో ముందు చెట్టు కదిలించి గానీ చేయి పెట్టడు.

ఆ మందు ఎక్కడిదని అప్పుడు అడగలేదు. తర్వాతెప్పుడో తెలిసింది, అది గుర్రం రక్తంలోంచి తీసింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషాన్ని గుర్రానికి చచ్చిపోనంత చిన్న మోతాదులో ఎక్కించి, వారాల తరబడి మెల్లగా పెంచుకుంటూ పోతారు. గుర్రం ఒళ్ళు ఆ విషాన్ని ఎదుర్కోవడం నేర్చుకుంటుంది. అప్పుడు రక్తం తీసి, అందులోంచి ఆ రక్షక పదార్థాన్ని వేరు చేసి, శుద్ధి చేసి, ఆరబెట్టి పొడిగా సీసాల్లో నింపుతారు. పది మిల్లీలీటర్ల సీసా ఆరు మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని విరగ్గొడుతుంది, అందుకే ఒక సీసా చాలదు, పది మొదట్లోనే కావాలి. 1890ల్లో ఫ్రాన్సులో కనిపెట్టిన పద్ధతి, నేటికీ మూలం అదే. పెద్ద ఒళ్ళు, బోలెడంత రక్తం, మచ్చిక అయ్యే గుణం ఉన్నాయి కాబట్టి గుర్రాన్ని ఎంచుకున్నారు.

దేశంలో ఏటా 58 వేల మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. వాళ్ళలో ఎక్కువమంది పల్లెటూళ్ళ వాళ్ళు, వానాకాలంలో చేలో పనిచేసేవాళ్ళు. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మందు అందక పోయినవాళ్ళే ఇంతమంది అయితే, అంది బతికినవాళ్ళు ఎంతమందో. వాళ్ళలో ప్రతి ఒక్కరి ఒంట్లోనూ కాసేపు గుర్రం రక్తపు సారం తిరిగింది. కుక్క కాటుకి వాడే ఒక రకం సీరం కూడా గుర్రానిదే. గుర్రాల వల్ల దేశానికి ఆర్థిక లాభం ఎంత అని ఎవరైనా అడిగితే నేను రేసు కోర్సు చూపించను, శెనక్కాయ పీకుతున్న మా చిన్నాయన్ని చూపిస్తాను. ఒక మనిషి మళ్ళీ చేలోకి పోవడం కంటే ఆర్థికం ఇంకేముంటుంది?

ఆ గుర్రాల బతుకు హాయిగా ఉంటుందని నేను అనడం లేదు. నెలనెలా విషం, నెలనెలా రక్తం. వాటికి మంచి మేత, విశ్రాంతి, తగిన వయసులో విరమణ ఉండాలని జంతు ప్రేమికులు అడిగితే నేను వాళ్ళ పక్కనే నిలబడతాను. గుర్రం లేకుండా ఈ మందు చేసే దారి కోసం పరిశోధనలు జరుగుతున్నాయి, జరగాలి కూడా. అది వచ్చేదాకా ఈ ఋణం తీర్చాల్సిన బాధ్యత పాముకాటు భయంతో బతికే మన రైతులదీ, మనల్ని పాలించేవాళ్ళదీ.

మళ్ళీ చాచా దగ్గరికి. ఆయన ఆదాయం పెళ్ళిళ్ళు. బరాత్ ఒక్కటికి ఎనిమిది వేల దాకా వస్తుంది, ముహూర్తాలు బాగున్న నెలలో పదీ పదిహేను దొరుకుతాయి. మూఢం వచ్చిందంటే హిందువుల పెళ్ళిళ్ళు లేవు, ఆషాఢం లేదు, మొహర్రం నెల ముస్లింలకీ లేదు. మూఢంలో గుర్రం ఉపవాసం ఉండదు కదా. డీజే బండ్లు వచ్చాక ఇంకో తలనొప్పి, ఆ చప్పుడుకి, టపాకాయలకి గుర్రం బెదిరి పెళ్ళికొడుకుని కింద పడేస్తే తప్పు చాచాది.

మొన్న ఉగాది ముందు ఆయన ఆడగుర్రం ఒకటి చచ్చిపోయింది. కడుపు శూల. పచ్చి కసువు దొరక్క బూజు పట్టిన శెనక్కట్టె వేశారు. ఆవు అయితే తట్టుకునేదేమో, గుర్రం కక్కుకోలేదు, దాని ఆహారనాళం నిర్మాణమే అట్లాంటిది, కడుపులో చేరింది చేరినట్టే. రాత్రి పదకొండుకి పొర్లడం మొదలుపెట్టింది. ఫోన్ చేస్తే వచ్చిన పశువుల డాక్టరు గొర్రెలకీ ఆవులకీ మంచి చేయి, గుర్రానికి ముక్కులోంచి గొట్టం వేయడం ఎప్పుడూ చేయలేదన్నాడు, సామాను కూడా లేదు. తప్పు ఆయనది అని నేననను. లక్షల గొర్రెలున్న జిల్లాలో గుర్రం వైద్యం ఎవరు నేర్చుకుంటారు? తెల్లారేసరికి అయిపోయింది. లక్షా నలభై వేలు పెట్టి మహారాష్ట్ర సారంగ్‌ఖేడా సంత నుంచి తెచ్చింది. బీమా లేదు. చాచా ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు, మిగిలిన మూడింటికీ ఉలవలు ఉడకబెడుతూ కూర్చున్నాడు.

గ్లాండర్స్ అని ఒక జబ్బుంది, గుర్రం నుంచి మనిషికీ అంటుతుంది. టీకా లేదు. రక్త పరీక్షలో తేలితే చట్ట ప్రకారం ఆ గుర్రాన్ని చంపేయాలి. అవసరమైన నియమమే. కానీ పరీక్ష పేరెత్తితే చాచా లాంటివాళ్ళు గుర్రాన్ని పక్క ఊరికి తోలేస్తారు, ఎందుకంటే వాళ్ళకి అది పశువు కాదు, దుకాణం మొత్తం. నష్టపరిహారం వెంటనే చేతిలో పడుతుందని నమ్మకం ఉంటే ఎవడూ దాచడు.

పన్ను సంగతి ఇంకా తమాషా. ఆవుకి జీఎస్టీ లేదు, గేదెకి లేదు, గొర్రెకి లేదు, గాడిదకీ లేదు. గుర్రానికి మాత్రం 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరులో 5 శాతం చేశారు. అప్పుడే రేసు పందేల మీద 28 నుంచి 40కి పెంచారు, అది నాకు అభ్యంతరం లేదు. బ్రతుకుతెరువు గుర్రాన్నీ పందెం గుర్రాన్నీ ఒకే గాటన కట్టి విలాస వస్తువులా చూడటం దగ్గరే నా పేచీ. చాచాకి బిల్లు అంటే ఏంటో తెలియదు అనుకోండి, సంతలో చేతిలో చేయి వేసి తువ్వాలు కింద వేళ్ళు పట్టుకునే బేరాలు అవి, అయినా సూత్రం సూత్రమే.

నేను అడిగేవి పెద్దవేం కావు. చాలా పట్టణాల్లో చెత్తతో ఎరువు చేసే యార్డులున్నాయి. గుర్రాలు, గేదెలు పెట్టుకున్నవాళ్ళ దగ్గర లద్దె, పేడ అక్కడికి చేరేటట్టు చూసి, మాగబెట్టి, తూకానికి చీనీ రైతులకు అమ్మితే ఇద్దరికీ మంచిది. పశువుల ఆసుపత్రిలో జిల్లాకి ఒక్కరికైనా గుర్రం వైద్యంలో శిక్షణ ఇప్పించండి, హిసార్‌లో గుర్రాల పరిశోధన కేంద్రం ఉన్నదే ఇందుకు. భీమా నది వైపు పుట్టిన భీమ్‌థడి అనే దక్కను తట్టు ఉంది, కరువుకీ ఎండకీ తట్టుకునే చిన్న గుర్రం, ఒకప్పుడు మరాఠా సైన్యాలు దాని మీదే మన గుత్తి కోట దాకా వచ్చాయి, ఈ మధ్యే దానికి ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చింది. తెల్ల నుక్రా కోసం అప్పులు చేసేకంటే అట్లాంటి తట్టులు మన వాతావరణానికి నయం. పెళ్ళికొడుకులు ఒప్పుకుంటారో లేదో తెలియదు.

నేనిప్పుడు చాచాకి నెలకు రెండు వేలు ఇస్తున్నాను లద్దెకి. వద్దన్నాడు మొదట్లో, "పారబోసేదానికి డబ్బులా" అని. ఇచ్చి తీరతానన్నాను. లెక్క ప్రకారం అది ఒక గుర్రానికి ఆరు రోజుల మేత కూడా కాదు, నాకు తెలుసు. తోటలో మిగిలే నీళ్ళు, యూరియా, కొత్త ఎరువు బస్తాలు అన్నీ కలిపితే నాకు మిగిలేది దానికి ఎన్నో రెట్లు. చూశారా, మళ్ళీ లాభం నాదే.

ఇదంతా అల్లుడికి రెండు రోజులు ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విన్నాడు, ఆ మాట చెప్పాలి. "సరే మామా, గుర్రాలొద్దులే" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. నిన్న రాత్రి వాట్సాప్‌లో ఇంకో వీడియో పంపాడు, గాడిద పాలు లీటరు వేలల్లో పలుకుతాయట. ఇంకా తెరవలేదు. గేటు దగ్గర చాచా ఆటో హారన్ కొడుతున్నాడు, లోడు దింపించుకోవాలి.